గీత దాకా వాన

నేను ఒక మందు సీసా మూతను. పసిపిల్లల జ్వరం మందు సీసా మీద టోపీలా కూర్చుని ఉంటుంది చూడండి, ఆ తెల్లటి ప్లాస్టిక్ మూత. రెండున్నర మిల్లీలీటర్ల దగ్గర ఒక గీత, అయిదు దగ్గర ఒక గీత, పది దగ్గర ఒక గీత. పది గీత పైన అంచు దాకా ఇంకా గోరంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎందుకు వదిలారో నాకు ఎవరూ చెప్పలేదు. ఈ కథంతా ఆ గోరంత ఖాళీలోనే జరిగింది.

నన్ను ఏ ఊళ్ళో పోశారో తెలియదు. వేడి వేడి ప్లాస్టిక్‌ని అచ్చులోకి తోశారు, చల్లారాక గీతలతో సహా బయట పడ్డాను. నాతో పాటు పుట్టిన వేల మూతల్లో ఎవరి గీత సరైన చోట ఉందో ఎవరైనా నీళ్ళు పోసి చూశారా? లేదు. పెట్టెల్లో కుక్కి లారీ ఎక్కించేశారు. అప్పటి నుంచి నాకు అనుమానం జబ్బు. మొదటి అనుమానం నా మీదే. నా పది నిజంగా పదేనా?

కొండ కింద గెడ్డ, అంటే చిన్న వాగు, దాని పక్కన ముప్పై గడపల ఊరు. ఆ ఊళ్ళో దమయంతి ఇంటికి సీసాతో పాటు వచ్చాను. దమయంతికి ఇరవై రెండేళ్ళు. తొమ్మిదో తరగతి సగంలో బడి మానిపించారు. మొగుడు హార్బరులో ఐసు ఫ్యాక్టరీలో పని, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఆమె, అత్త సూరమ్మ, ఏడాదిన్నర పాప లిఖిత. పాపకి జ్వరం పైకి ఎక్కిందంటే ఫిట్స్ వస్తాయి. కళ్ళు తేలేసి, పిడికిళ్ళు బిగించేస్తుంది. అందుకని దమయంతి నన్ను వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, మందు గీతకి తగిలిందా లేదా అని రెండుసార్లు చూసేది. మందు అంచుల దగ్గర కొంచెం పైకి పాకి, నడుమ కిందికి దిగి ఉంటుంది. నడుమ ఉన్నదే లెక్క అని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిందట. అంత జాగ్రత్తగా నన్ను చూసిన మనిషి అంతకు ముందు లేదు. మరీ అంత జాగ్రత్త ఏమిటి, నన్ను నమ్మడం లేదా అని నాకు కొంచెం కష్టంగా కూడా ఉండేది.

ఆసుపత్రి గెడ్డకి అవతల ఉంది. నడుమ చప్టా. వంతెన కాదు, గెడ్డ మీద సిమెంటుతో పోసిన పల్లపు దారి, అంతే. వాన ఎక్కువైతే నీళ్ళు చప్టా మీద నుంచి పారతాయి. ఇక నీళ్ళు దిగే దాకా ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే.

కిందటేడు శ్రావణంలో పాపకి జ్వరం వచ్చింది. వాన కాస్త తగ్గాక వెళ్దామని దమయంతి ఆగింది. తగ్గాక వెళ్ళేసరికి చప్టా మునిగి ఉంది. అవతల ఆసుపత్రి గోడ పసుపు రంగు కూడా కనబడుతోంది. ఇవతల తల్లి చేతుల్లో పిల్ల బిగుసుకుపోయింది. నేను సంచీలో సీసా మీద ఉన్నాను, దమయంతి గుండె కొట్టుకోవడం ఆ గుడ్డలోంచి వినబడింది. పొద్దు వాలే దాకా అక్కడే గట్టు మీద. పాప బతికింది. కాని ఆ రోజు నుంచి దమయంతి మబ్బుని నమ్మడం మానేసింది. మబ్బుతో పాటు మనుషుల్ని కూడా. "ఇది మామూలు వానేలే" అని ఎవరైనా అంటే, "మామూలంటే ఎంత?" అని అడిగేది. 

జవాబు కోసం ఆమె టీ కొట్టు నుంచి ఖాళీ పాలపొడి డబ్బాలు మూడు అడిగి తెచ్చింది. ఎక్కడా సన్నబడకుండా, కింద నుంచి పై దాకా ఒకే వెడల్పున్న డబ్బాలు. అప్పటికి సీసాలో మందు అయిపోయింది. కొత్త సీసాతో కొత్త మూత వచ్చింది. నన్ను పారేస్తారనుకున్నాను. పారేయలేదు. కడిగి, వాన పనిలో పెట్టింది.

పని ఎలా నేర్పిందో చెప్తాను. డబ్బా అడుగున గుంటలూ మిట్టలూ ఉంటాయి కదా, ముందు అవి మునిగే దాకా నీళ్ళు పోసింది. స్కేలు నిలబెట్టి నీళ్ళు ఎక్కడున్నాయో గుర్తు పెట్టింది. ఆ తరువాత నాతో పది గీత దాకా కొలిచి ఒక్కో మూతా పోసింది. ఎన్ని మూతలకి నీళ్ళు ఒక సెంటీమీటరు పైకి లేస్తాయో లెక్క. మొదటి డబ్బాకి ఏడు మూతలు పట్టింది. రెండోదానికి పదమూడు. మూడోదానికి సరిగ్గా పది. అంటే ఆ డబ్బాలో నా ఒక్క మూతకి ఒక మిల్లీమీటరు వాన. బడిలో సగంలో ఆగిపోయిన పాఠం పెరట్లో పూర్తయింది. అయినా నమ్మక ఇంకో రెండుసార్లు చేసింది. ఆసుపత్రిలో ఇచ్చిన అయిదు మిల్లీలీటర్ల సిరంజి తెచ్చి నా పది గీతని కూడా పరీక్షించింది. రెండు సిరంజిలు, గీత దాకా సరిగ్గా. పుట్టినప్పటి నుంచి నన్ను తింటున్న అనుమానం ఆ రోజు తీరింది. నా పది పదే.

ఆ మూడో డబ్బాని చూరు నీళ్ళు పడని చోట, చెట్టు నీడ లేని చోట, నేల మీద చినుకు పడి చిందినా తగలకుండా ఇటుకల మీద మోకాలెత్తున నిలబెట్టింది. కాకి తాగేస్తుందేమోనని దోమతెర గుడ్డ కట్టింది. రెండు వానలయ్యాక ఆ గుడ్డే కొంత వానని పీల్చుకుంటోందని పసిగట్టి తీసేసింది. వాన ఆగగానే కొలవాలి, ఎండ వస్తే నీళ్ళు ఆవిరైపోతాయి. డబ్బాలో నీళ్ళు ఉగ్గుగిన్నెలోకి వంచి, ఆ ముక్కుతో నాలోకి పోసేది. మూతకో చింతగింజ పక్కన పెట్టేది. చివర గింజలు లెక్కపెట్టి ఆ అంకె క్యాలెండరు గడిలో వేసేది. చప్టా మునిగిందా లేదా అన్నది కూడా.

సూరమ్మకి ఇదంతా ఒళ్ళు మంట.

"ఏటే, వానకి కూడా కొలతలేటి? పై నుంచి పడ్డదాన్ని లెక్కెట్టకూడదే. పసిగుంటని తూకమేసినా, వాననీ కొలిసినా దిష్టి తగులుతాది."

"తగిలితే నాకే తగల్నీ అత్తా. గెడ్డ ఎప్పుడు పొంగుతాదో నాకు తెలవాల."

"గెడ్డకి చెవులుంటాయి. నువ్వు లెక్కలేత్తున్నావని తెలిస్తే అడ్డదారిన వత్తాది."

అయినా కోడలి మాట కాదనలేదు. దమయంతి ఏడింటికల్లా జీడిపిక్కల షెడ్డుకి పనికి వెళ్ళిపోవాలి. తెల్లవారి ఆగిన వానలు కొలవడం సూరమ్మ మీద పడింది. ఇక్కడే నా అసలు కష్టం మొదలైంది.

సూరమ్మ నలభై ఏళ్ళు కళ్ళాల్లో ధాన్యం కొలిచిన చెయ్యి. కుంచం నిండా పోసి, పైన గోపురం కట్టి, అది జారుతున్నా సరే ఇంకో గుప్పెడు వేసేది. అంచుతో సమంగా కొట్టి కొలిచేవాళ్ళని చూస్తే ఆవిడకి పరమ అసహ్యం. వానని కూడా అలాగే కొలిచింది. నా గీత దాకా కాదు, అంచు దాకా, అంచు దాటి ఉబ్బే దాకా. నీళ్ళు ఆవిడ వేళ్ళ మీద నుంచి కారుతుండేవి. పైగా మొదటి మూత పోసి "లాభం" అనేది. కొలతలో ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆ లాభానికి ఆవిడ గింజ పెట్టేది కాదు. లాభాన్ని నేల మీద పెట్టి లెక్కించడం మర్యాద కాదట. గింజలన్నీ రెండో మూత నుంచే.

నేను చూస్తున్నాను. నాకు నోరుంది, కాని దాని నిండా నీళ్ళు. చెప్పడం ఎలా? ఉదారంగా కొలిస్తే ధాన్యం పెరుగుతుందేమో గాని, వాన తగ్గిపోతుంది. నలభై పడితే ఆవిడ గింజలు ముప్పై రెండు వచ్చేవి. ఈ లోకంలో ధర్మంగా కొలిచి ఇంత పెద్ద అబద్ధం చెప్పిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

దమయంతి క్యాలెండరు చూసి కనుబొమలు ముడిచింది. తను కొలిచిన రోజు నలభైకి చప్టా మునిగింది. అత్త కొలిచిన రోజు ముప్పై రెండుకే మునిగింది. మళ్ళీ ఇంకో వారం, మళ్ళీ అంతే. ముందు డబ్బాని అనుమానించింది. పాత పేపరు మీద ఒక పూట నిలబెట్టి అడుగు కారుతుందేమో చూసింది. కారలేదు. మళ్ళీ సిరంజితో నన్ను అనుమానించింది. కాకుల్ని, పక్కింటి కోడిని, కోడి వెనక తిరిగే పిల్లిని అనుమానించింది. చివరికి అనుమానం ఇంటి లోపలికి వచ్చింది.

"అత్తా, డబ్బాలో నీళ్ళు ఏటైనా ఒలికిపోతన్నాయా?"

"ఒలికితే ఒలికినాయని సెప్పనా?"

"కాదు, పొద్దున్న కాళ్ళు కడుక్కోడానికి గానీ..."

సూరమ్మ చీపురు కింద పడేసింది. "ఓలమ్మో! నీ వాన నేను దొంగిలించినానా? ఊళ్ళో అందరికీ పడ్డ వానే గదే! దొంగిలిస్తే ఏ మూటలో దాస్తాను?"

ఆ మాటకి దమయంతికి నవ్వు రాబోయింది, కాని ఆపుకుంది. ఎదుట సూరమ్మ కళ్ళు మెరుస్తున్నాయి, నవ్వుతో కాదు. ఆ రాత్రి ఎవరి కంచం వాళ్ళు కడుక్కున్నారు. మరునాటి నుంచి సూరమ్మ కొలవడం మానలేదు సరికదా, ఇంకాస్త నిండుగా పోసింది. తన చెయ్యి శుభ్రమని నిరూపించుకోవడానికి. నేను అంచుల మీద నుంచి పొంగిపోతూ, ఇదేం రోషం తల్లీ అనుకున్నాను. దమయంతి ఒక్కరోజు షెడ్డుకి ఆలస్యంగా వెళ్ళి, అత్త ఎలా కొలుస్తుందో కూర్చుని చూసి ఉంటే తేలిపోయేది. అనుమానం ఉన్నవాళ్ళు అంతా వెతుకుతారు, ఎదురుగా కూర్చుని చూడరు.

ఇంతలో ఆమె ఒక కట్టుబాటు పెట్టుకుంది. నలభైకి చప్టా మునుగుతుంది కాబట్టి, పాప ఒళ్ళు వెచ్చగా ఉన్న రోజు డబ్బాలో ముప్పై దాటితే, ఇక ఆలోచించకుండా గెడ్డ దాటి అవతల ఉండాలి. ముప్పై లోపైతే జ్వరం పిల్లని వానలో తడపకూడదు.

ఆ ఏడే భాద్రపదం చివర ఒక పొద్దున్న ముసురు పట్టింది. తెల్లవారు నుంచి ఒకే తీరున కురుస్తోంది. లిఖిత ఒళ్ళు కాలుతోంది. దమయంతి షెడ్డుకి వెళ్ళలేదు. మందు పోసింది, నాతో కాదు, నా తరువాత వచ్చినదానితో. పాపని ఒళ్ళో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడుస్తోంది. మందు పోసినా సెగ తగ్గడం లేదు. పిల్ల కాళ్ళు ఉండి ఉండి ఉలిక్కిపడుతున్నాయి.

"అత్తా, కాస్త కొలువు. నేను లేవలేను."

సూరమ్మ తల మీద గోనెసంచి వేసుకుని వెళ్ళి డబ్బా తెచ్చింది. ఎప్పుడూ పెరటి అరుగు మీద కొలిచేది. ఆ రోజు వాన వల్ల గుమ్మం లోపల, దమయంతి కళ్ళెదుట కూర్చుంది. పలక మీద నన్ను పెట్టింది. ఉగ్గుగిన్నె వంచింది.

"లాభం."

దమయంతి పాప నుదురు చూస్తోంది. వాన చప్పుడులో లెక్క సాగుతోంది. నేను నిండుతున్నాను, పొంగుతున్నాను, కొబ్బరి మొక్క కుండీలోకి ఖాళీ అవుతున్నాను. ఒక్కసారి ఇటు చూడవే అని నేను ఎంత అనుకున్నానో. గింజలు పదయ్యాయి, ఇరవై అయ్యాయి.

"ఇరవై ఎనిమిది," అంది సూరమ్మ, చెయ్యి చీరకి తుడుచుకుంటూ. "డబ్బా కాళీ. నీ ముప్పైకి ఇంకా రెండు తక్కువే. గుంటని తడపకే. వాన కొంచెం ఇడుస్తాది, అప్పుడు ఎల్దువు గాని."

దమయంతి తల ఊపింది. ఊపుతూనే అత్త చేతి వైపు చూసింది. మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి. పలక మీద మడుగు.

"చెయ్యి అంత తడిసిందేటి అత్తా?"

"నిండా పోస్తే తడవదేటి?"

"నిండా అంటే?"

"నిండా అంటే నిండానే! తలకొట్టి కొలిస్తే ఇల్లు కలిసొస్తాదేటి?"

"గీత దాకా కాదా?" దమయంతి చూపు నా గీత మీద పడింది. "రోజూ ఇలాగేనా?"

"గీతలు, కోతలు నాకు తెలవవు. నా చేత్తో ఎవరికీ తక్కువ కొలవలేదు. లాభానికి గింజ కూడా పెట్టలేదు నేను!"

దమయంతి క్యాలెండరు వైపు చూసింది. నలభైకి ముప్పై రెండు. ఆమె పెదవులు కదిలాయి. ఇన్నాళ్ళూ దొంగ కోసం వెతికిన ఆ రెండు అంకెలే ఇప్పుడు ఆమెకి దారి చూపించాయి. ఇరవై ఎనిమిదికి లాభం కలిపితే ఇరవై తొమ్మిది నిండు మూతలు. గీత దాకా అయితే దగ్గర దగ్గర ముప్పై అయిదు.

"ముప్పై ఎప్పుడో దాటీసింది అత్తా!"

ఆమె అప్పటికే పాపని దుప్పట్లో చుట్టేసింది. పక్కింట్లో ఆటో తోలే దాలినాయుడు ఉన్నాడు. గుమ్మంలోంచే కేక.

"మరిదీ, బండి తియ్యి! ఆసుపత్రికి!"

"ఇంత వాన్లోనా వదినా? సప్టా మీద ఇంకా నీరు రానేదు, టీ తాగీసి..."

"రానేదు కాబట్టే ఇప్పుడెల్లాలి! తియ్యి బాబూ!"

ఆటో దగ్గి, మళ్ళీ దగ్గి, కదిలింది. సూరమ్మ గొడుగు పట్టుకుని వీధి దాకా పరుగెత్తింది. గొడుగు ఇవ్వడానికి ఎవరూ ఆగలేదు. తిరిగి వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆ ఇంట్లో ఇక ఆవిడ, నేను, ఖాళీ డబ్బా. కాసేపటికి లేచి డబ్బాని మళ్ళీ ఇటుకల మీద పెట్టి వచ్చింది. ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలిసినట్టు లేదు.

ఇక్కడి నుంచి నేను చూసింది తక్కువ, అనుమానపడింది ఎక్కువ. ఆటో ఆగిపోయి ఉంటుందా? చప్టా దగ్గర ఎవరైనా ఆపి ఉంటారా? పాప పిడికిళ్ళు విప్పే ఉన్నాయా? సూరమ్మ చేతిలో బటన్ల ఫోను ఉంది. వస్తే ఎత్తడం తెలుసు, చెయ్యడం తెలియదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ వీధి చివరికి చూస్తోంది. గెడ్డ హోరు మొదలైంది. వీధిలో ఎవరో గోనెసంచి కప్పుకుని పరుగెడుతూ అరిచారు: "సప్టా మునిగిపోనాది!"

ఎప్పుడు మునిగిందో, ఆటో దాటాకో, దాటకముందో, ఆ అరిచిన మనిషి చెప్పలేదు.

సూరమ్మ లేచింది. వానలోకి వెళ్ళి డబ్బా తెచ్చింది. ఉగ్గుగిన్నెలోకి వంచింది. నన్ను పలక మీద పెట్టి, అలవాటుగా అంచు దాకా పోసింది. నేను పొంగబోయాను. ఆవిడ చెయ్యి ఆగింది. నన్ను ఎత్తి కంటికి దగ్గరగా పెట్టుకుంది. బహుశా మొదటిసారి నా గీత చూసి ఉంటుంది. గోటితో తడిమింది. గీత మీద ఉన్నదాన్ని జాగ్రత్తగా తిరిగి గిన్నెలోకి వంపింది. మళ్ళీ పలక మీద పెట్టి, అరవై ఏళ్ళ నడుముని వంచి, చెంప నేలకి ఆనించి నీళ్ళ నడుమ ఎక్కడుందో చూసింది. నలభై ఏళ్ళు నిండుగా కొలిచిన చెయ్యికి గోరంత తగ్గడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేను ఆ చేతిలోనే పొంగాను.

"లాభం," అంది.

అని, ఒక్క క్షణం ఆగి, బుట్టలోంచి చింతగింజ తీసి లాభం పక్కన పెట్టింది.

ఆరు గింజలకి గిన్నె ఖాళీ అయింది. అప్పుడు ఫోను మోగింది.

"అత్తా," దమయంతి గొంతు. వెనక ఎవరో పిల్లలు ఏడుస్తున్న చప్పుడు. "దాటీసినాం. చక్రం సగం దాకా నీరొచ్చింది. మా వెనకే మునిగిపోయింది. ఆసుపత్రి గుమ్మం ఎక్కుతుండగా ఫిట్స్ వచ్చినాయి, నర్సమ్మ వెంటనే సూదేసింది. ఇప్పుడు పడుకుంది. ఊపిరి బాగుంది."

సూరమ్మ ముక్కు చీది, గొంతు సరిచేసుకుంది.

"నువ్వెళ్ళాక ఆరు పడ్డాది," అంది. "గీత దాకానే కొలిసినాను. లాభానికీ గింజెట్టినాను. రాసుకో."

అటు నుంచి చిన్నగా, "సరే అత్తా," అని వినబడింది.

మూడో రోజు తల్లీపిల్లా ఇల్లు చేరారు. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు, ఆ ఇంట్లో ఆ అలవాటు లేదు. దమయంతి క్యాలెండరులో అత్త కొలిచిన పాత అంకెలు కొట్టేయలేదు. వాటి పక్కన చిన్నగా సరైనవి రాసుకుంది. ఒక సాయంత్రం తన గోళ్ళరంగు సీసా తెచ్చి నా పది గీత మీద ఎర్రగా గీసింది, అత్తకి చూపు ఆనడం లేదని. ఆ రంగు మందం గీతని వెంట్రుకవాసి పైకి జరిపిందేమోనని నాకు అనుమానం. ఆమెకీ అదే అనుమానం వచ్చినట్టుంది, వెంటనే సిరంజి తెచ్చింది.

ఇప్పుడు నేను గూట్లో ఉగ్గుగిన్నె పక్కన బోర్లా పడుకుంటాను. లిఖిత ఈ మధ్య నన్ను ఎత్తుకుపోయి ఇసక కొలుస్తోంది. అంచు దాకా నింపి, పైన ఇంకో గుప్పెడు వేస్తుంది. ఎవరి చెయ్యి వచ్చిందో చెప్పనక్కర లేదు. సూరమ్మ అరుగు మీద నుంచి చూసి అంటుంది:

"గీత దాకానే నాయనా. మీ అమ్మ చూస్తే నీ ఇసక నేను దొంగిలించినానంటాది."

లోపల్నుంచి దమయంతి నవ్వు వినబడుతుంది. కొండ మీద మబ్బు పడుతోంది. ఎంత మబ్బో నన్ను అడగకండి. డబ్బా ఇటుకల మీదే ఉంది, పడ్డాక చెప్తాను.